హెచ్-ఇండెక్స్ స్కాలర్‌లో 9, స్కోపస్‌లో 6: అప్లికేషన్‌లో ఏది రాయాలి, లిస్టు ఎలా సరిచేసుకోవాలి

డాక్టర్ గారూ, మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. నల్లగొండలో బయోకెమిస్ట్రీ అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా పనిచేస్తూ ఫ్లోరోసిస్ మీద పరిశోధన చేస్తున్నారు. అసోసియేట్ పోస్టు అప్లికేషన్‌లో మొత్తం సైటేషన్లు (మీ పేపర్లను ఇతర పేపర్లు ఎన్నిసార్లు ఉటంకించాయో), హెచ్-ఇండెక్స్ (కనీసం ఆరేసి సైటేషన్లున్న పేపర్లు ఆరుంటే హెచ్ 6), క్యుములేటివ్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (పేపర్లు వచ్చిన జర్నళ్ల ఇంపాక్ట్ ఫ్యాక్టర్ల మొత్తం) అడిగారు. గూగుల్ స్కాలర్‌లో 27 పేపర్లు, 341 సైటేషన్లు, హెచ్ 9 కనిపిస్తున్నాయి. ఎంపిక చేసిన జర్నళ్ల సైటేషన్ డేటాబేస్ అయిన స్కోపస్‌లో 12 పేపర్లు, 184 సైటేషన్లు, హెచ్ 6. పబ్‌మెడ్‌లో వెతికితే 7 పేపర్లే వస్తున్నాయి. వీటిలో ఏది రాయాలి, తక్కువ ఉన్నదాన్ని ఎలా పెంచుకోవాలి అని అడిగారు.

ఫారంలో డేటాబేస్ పేరు ఇచ్చి ఉంటే అదే పాటించండి. ఇవ్వకపోతే స్కోపస్ అంకె రాసి, పక్కనే ఏ తేదీన చూశారో రాయండి. పేపర్ల సంఖ్య ఒక దాంట్లోంచి, సైటేషన్లు ఇంకో దాంట్లోంచి తీసి కలపొద్దు. ఇంటర్వ్యూ బోర్డులో ఒక్కరు ఫోన్లో తెరిచి చూసినా తేలిపోతుంది, ఆ తర్వాత మీరు చెప్పే మిగతా మాటల మీద కూడా నమ్మకం పోతుంది. ఇక పెంచుకోవడం సంగతి. ముందు లిస్టు శుభ్రం కావాలి. ఇప్పుడున్న స్థితిలో 341 మీ పని కంటే ఎక్కువ చూపిస్తోంది, 184 బహుశా తక్కువ చూపిస్తోంది.

మీరు పెట్టిన స్కాలర్ లిస్టులో 27 ఎంట్రీలు ఎలా వచ్చాయో చూడండి. 12 స్కోపస్‌లో ఉన్నవే. 4 అదే పేపర్ రెండోసారి పడినవి (ఒకటి ప్రిప్రింట్, ఒకటి టైటిల్‌లో అక్షరం తేడా, రెండు పీడీఎఫ్ కాపీలు). 3 కాన్ఫరెన్స్ అబ్‌స్ట్రాక్టులు. 5 అసలు మీవే కావు, మీ పేరే ఉన్న మెటీరియల్ సైన్స్ మనిషివి. మిగతా 3 మీ పేపర్లే గానీ స్కోపస్ ప్రొఫైల్‌లో లేవు. హెచ్ 9 కావడానికి కారణం ఆ అయిదు నానో పార్టికల్ పేపర్లే. మీరు కావాలని కలిపినవి కావని నాకు తెలుసు. స్కాలర్ ప్రొఫైల్ తెరిచినప్పుడు కొత్త పేపర్లు ఆటోమేటిగ్గా చేర్చమనే ఆప్షన్‌కు టిక్ ఉంటే అలాగే అవుతుంది. సెట్టింగ్స్‌లో దాన్ని మార్చి, చేర్చే ముందు ఈమెయిల్‌లో అడగమని పెట్టండి. మీవి కాని అయిదింటికీ టిక్ పెట్టి డిలీట్ కొట్టండి. రెండుసార్లు పడ్డవాటిని జంటగా సెలెక్ట్ చేసి మెర్జ్ చేయండి. మెర్జ్ చేస్తే రెండు కాపీలకు వచ్చిన సైటేషన్లు ఒక్క చోటికి చేరతాయి, రెండింట్లోనూ ఉన్నది ఒక్కసారే లెక్కకొస్తుంది. వేర్వేరు పేపర్లను మాత్రం పొరపాటున కూడా మెర్జ్ చేయకండి. 6, 5 సైటేషన్లున్న రెండు పేపర్లు కలిసి 11గా కనిపిస్తే దాన్ని తారుమారు అనే అంటారు.

స్కోపస్‌లో తక్కువ కనపడటానికి మన పేర్లే ప్రధాన కారణం. ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తర్వాత, కులనామం చివర రాసే అలవాటు ఈ డేటాబేసులకు అర్థం కాదు. చివరి మాటే ఇంటిపేరు అనుకుంటాయి. ఉదాహరణకు చింతల శ్రీనివాస్ రెడ్డి అనే పేరు తీసుకోండి. ఒక జర్నల్లో 'రెడ్డి సీఎస్', ఇంకో దాంట్లో 'చింతల ఎస్ఆర్', మూడో దాంట్లో 'శ్రీనివాస్ రెడ్డి సీ' అని పడుతుంది. ముగ్గురూ ఒకరే అని యంత్రానికి ఎవరు చెప్పాలి? పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న మహిళా డాక్టర్లకైతే ఈ చిక్కు రెండింతలు. పైగా 'రెడ్డి సీఎస్' అని వెతికితే దేశంలోని అలాంటి పొడి అక్షరాల వాళ్లందరూ వచ్చి పడతారు.

అందుకే మొదటి పని ఆర్కిడ్. పరిశోధకుడిని గుర్తించడానికి 2012 నుంచి ఉన్న ఉచిత నంబర్ ఇది, నాలుగేసి అంకెల చొప్పున 16. తెరిచాక 'ఇతర పేర్లు' అనే గడిలో మీ పేరు ఇప్పటిదాకా ఎన్ని రకాలుగా అచ్చయిందో అన్నీ రాయండి. పబ్లిక్‌గా కనిపించేలా పెట్టండి, చాలామంది దాన్ని ప్రైవేటుగా వదిలేసి తర్వాత ఏమీ కనపడలేదంటారు. పేపర్ల వివరాలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థకు ఆటో అప్‌డేట్ అనుమతి ఇవ్వండి. ఇకపై పేపర్ సబ్మిట్ చేసేటప్పుడు ఆర్కిడ్ ఇస్తే, అచ్చయ్యాక అది తనంతట తానే మీ ఖాతాలోకి వస్తుంది. పేరు ఇక నుంచి ఒక్క రూపంలోనే రాయాలని ఈరోజే తేల్చుకోండి.

తర్వాత స్కోపస్. మీ కాలేజీకి చందా లేకపోయినా స్కోపస్ ప్రివ్యూలో ఉచితంగా ఆథర్ సెర్చ్ చేయొచ్చు. పైన చెప్పిన అన్ని పేరు రూపాలతోనూ వెతకండి. ఒకటి రెండు పేపర్లున్న చిన్న ప్రొఫైళ్లు ఏవైనా మీవే అయితే, అన్నింటినీ సెలెక్ట్ చేసి ఆథర్ మెర్జ్ రిక్వెస్ట్ పెట్టండి. స్కాలర్‌లో మిగిలిన ఆ 3 పేపర్లలో ఏదో ఒకటైనా ఇలాంటి అనాథ ప్రొఫైల్‌లో ఉండే అవకాశం ఎక్కువ. సరిచేయడానికి వారాలు పడుతుంది, కాబట్టి అప్లికేషన్ గడువు దగ్గరపడ్డాక కాదు, ఇప్పుడే పెట్టండి.

అఫిలియేషన్‌తో (పేపర్ మీద ఆథర్ పేరు కింద ఉండే సంస్థ, ఊరు) వెతికేటప్పుడు మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కులు రెండున్నాయి. మొదటిది ఊరి పేరు. మహబూబ్‌నగర్ ఇంగ్లిషు స్పెల్లింగ్ కనీసం మూడు రకాలుగా పేపర్లలో కనపడుతుంది, మూడూ ప్రయత్నించాలి. రెండోది 2016 అక్టోబర్‌లో జిల్లాల విభజన. అంతకుముందు సూర్యాపేట, భువనగిరి, బీబీనగర్ నుంచి వచ్చిన పేపర్ల మీద నల్లగొండ జిల్లా అనే ఉంటుంది. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల పేపర్ల మీద మహబూబ్‌నగర్ జిల్లా అని ఉంటుంది. ఇంకో సంగతి: పబ్‌మెడ్‌లో ఊరికే నల్లగొండ అని కొడితే నీరీ సంస్థ రూపొందించిన నల్లగొండ టెక్నిక్ మీద ఆఫ్రికా దేశాల్లో చేసిన పేపర్లు కూడా వచ్చిపడతాయి. పటిక, సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే ఆ పద్ధతి పేరే అది. ఊరు కావాలంటే అఫిలియేషన్ ఫీల్డ్‌కు పరిమితం చేసి వెతకండి.

పబ్‌మెడ్ విషయంలో ఒక అపోహ తీసేయాలి. పబ్‌మెడ్ సైటేషన్ డేటాబేస్ కాదు. అక్కడ 'సైటెడ్ బై' కింద కనిపించేది పూర్తి లెక్క కాదు, దాన్ని ఎక్కడా రాయకండి. పబ్‌మెడ్‌లో ఉన్నదల్లా మెడ్‌లైన్ కాదు కూడా. మెడ్‌లైన్ అంటే అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ ఎంపిక చేసి ఇండెక్స్ చేసే జర్నళ్లు. పబ్‌మెడ్ సెంట్రల్ అంటే పూర్తి పాఠం దాచే నిల్వ. రెండూ పబ్‌మెడ్ సెర్చ్‌లో కలిసే వస్తాయి. ఏది ఏదో తెలియాలంటే ఎన్ఎల్ఎం క్యాటలాగ్ తెరిచి జర్నల్ పేరు కొట్టండి, 'కరెంట్ ఇండెక్సింగ్ స్టేటస్' అనే వరుస చూడండి. ఇది చాదస్తం కాదు. నేషనల్ మెడికల్ కమిషన్ 2022 అర్హతల నియమాల్లో మెడ్‌లైన్, పబ్‌మెడ్ సెంట్రల్, సైన్స్ సైటేషన్ ఇండెక్స్, ఎంబేస్, స్కోపస్, డీఓఏజే అని పేర్లు పెట్టి మరీ చెప్పారు. ఒరిజినల్ పేపర్లు, మెటా అనాలిసిస్, సిస్టమాటిక్ రివ్యూ, కేస్ సిరీస్ మాత్రమే లెక్క. మొదటి ముగ్గురు ఆథర్లలో ఒకరై ఉండాలి లేదా కరస్పాండింగ్ ఆథర్ అయి ఉండాలి. 2025లో కొత్త నియమాలు కూడా వచ్చాయి కాబట్టి మీ నోటిఫికేషన్ దేన్ని పాటిస్తోందో చూసుకోండి. అంటే ఒంటరి కేస్ రిపోర్టుకు 40 సైటేషన్లు వచ్చినా, 2022 నియమాల కింద ప్రమోషన్ లెక్కలో గుండు సున్నా. హెచ్-ఇండెక్స్ కంటే ముందు ఈ జల్లెడ దాటాలి.

ఇక అంకెల సంగతి. మీ స్కోపస్ పేపర్ల సైటేషన్లు ఎక్కువ నుంచి తక్కువకు పేర్చితే ఇలా ఉన్నాయి: 62, 41, 28, 17, 11, 8, 6, 4, 4, 2, 1, 0. ఆరో పేపర్‌కు 8 ఉన్నాయి, ఆరు కంటే ఎక్కువే. ఏడో పేపర్‌కు 6, ఏడు కంటే తక్కువ. కాబట్టి హెచ్ 6. భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ 2005లో ప్రతిపాదించిన లెక్క ఇంతే. కనీసం పది సైటేషన్లున్నవి ఐదు, కాబట్టి ఐ10 ఐదు. ఇప్పుడు సొంత సైటేషన్లు తీసేసి చూడండి. మీ 12 పేపర్ల చివర్లో ఉన్న రెఫరెన్సులు తెరిచి మీ పాత పేపర్ ఎన్నిసార్లు వచ్చిందో టిక్కులు పెడితే చాలు, గంట పని. మీరు 23 అన్నారు, మొత్తం 161 అవుతుంది. ఆరో పేపర్‌కు 8లో 3 సొంతవి అన్నారు కాబట్టి అది 5కి పడుతుంది. ఏడో పేపర్‌కున్న 6లో ఒక్కటైనా సొంతది ఉంటే హెచ్ కూడా 5 అవుతుంది, లేకపోతే 6గానే ఉంటుంది. ఎనిమిదింట ఒకటి సొంతది కావడం తప్పేమీ కాదు, ఒకే ఊళ్లలో ఏళ్ల తరబడి చేసే పనిలో పాత సర్వేను చెప్పకుండా కొత్తది రాయలేం. ఇంటర్వ్యూలో అడిగితే మాత్రం రెండు అంకెలూ నోట్లో ఉండాలి.

ఆ లిస్టులో ఇంకోటి గమనించండి. సగటు పేపర్‌కు 15 పైచిలుకు, మధ్యస్థం చూస్తే 7. ఒక్క 62 పేపరే సగటును లాగేసింది. అందులో మీరు తొమ్మిదో ఆథర్. అది తీసేస్తే మిగిలేవి 122. బయోమెడికల్‌లో ఇది చాలా మామూలు. గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్ పేపర్లలో వందల మంది ఆథర్లుంటారు, ఒక్కో పేపర్‌కు వేల సైటేషన్లు వస్తాయి. అలాంటిది ఒకటుంటే మొత్తం సైటేషన్లు ఆకాశానికెక్కుతాయి గానీ హెచ్ మహా అయితే ఒకటి పెరుగుతుంది. మీ బలం నిజానికి నాలుగో పేపర్. ఊళ్లలో తాగునీళ్ల ఫ్లోరైడ్‌కు, పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్‌కు సంబంధం చూసిన ఆ పేపర్లో మీరు ఫస్ట్ ఆథర్, కరస్పాండింగ్ కూడా. 17 సైటేషన్లే అయినా ఒక్కటీ సొంతది కాదు. బోర్డు ముందు పెట్టాల్సింది దాన్ని.

క్యుములేటివ్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ గురించి నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెబుతాను: దాన్ని అడగడమే తప్పు. 2024 ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే, 2022, 2023లో ఆ జర్నల్ వేసిన పేపర్లకు 2024లో వచ్చిన సైటేషన్లను, ఆ రెండేళ్లలో వేసిన ఆర్టికల్స్, రివ్యూల సంఖ్యతో భాగించడం. అది జర్నల్ గురించిన అంకె. ఊరి మొత్తం సగటు ఫ్లోరైడ్ చూసి ఒక ఇంటి బోరు నీళ్లు తాగొచ్చో లేదో చెప్పలేం కదా, ఇదీ అంతే. జర్నల్లో కొన్ని పేపర్లకే సైటేషన్లు కుప్పపడతాయి, చాలా వాటికి అరకొరగా వస్తాయి. పరిశోధనను ఎలా అంచనా వేయాలో చెబుతూ 2013లో వచ్చిన శాన్‌ఫ్రాన్సిస్కో డిక్లరేషన్ కూడా జర్నల్ అంకెతో మనిషిని తూచొద్దనే చెప్పింది. మన రంగానికి ఇంకో అన్యాయం కూడా జరుగుతుంది. రెండేళ్ల కిటికీలోంచి చూస్తే ఫ్లోరోసిస్ పని కనపడదు. నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన పేపర్‌ను, ఫ్లోరోసిస్ ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగిపోవడం మీద 1973లో లాన్సెట్‌లో వచ్చిన పేపర్‌ను ఈ రంగంలో రాసేవాళ్లు ఇన్ని దశాబ్దాల తర్వాతా ఉటంకిస్తూనే ఉన్నారు. క్యాన్సర్ జెనోమిక్స్‌లో పేపర్ రెండేళ్లలో వేడెక్కి చల్లారితే, ఇక్కడ నిదానంగా మొదలై చాలాకాలం నడుస్తుంది.

అయినా ఫారంలో గడి ఉంది, నింపాలి. ప్రతి పేపర్‌కూ అది అచ్చయిన సంవత్సరపు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ వేయండి, ఇప్పటిది కాదు. ఆ అంకె మరుసటి ఏడాది జూన్‌లో విడుదలవుతుంది. క్లారివేట్ వారి జర్నల్ సైటేషన్ రిపోర్ట్స్‌లో ఉన్నదే తీసుకోవాలి. స్కోపస్ సైట్‌స్కోర్ నాలుగేళ్ల లెక్క కాబట్టి తరచు పెద్దగా కనపడుతుంది, దాన్ని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ గడిలో రాయకండి. 'గ్లోబల్', 'యూనివర్సల్' లాంటి తోకలు తగిలించుకున్న ఇంపాక్ట్ ఫ్యాక్టర్లు కొన్ని జర్నళ్ల కవర్ మీద గర్వంగా కనిపిస్తాయి, అవి అసలు లెక్కలోకి రావు. జర్నల్‌కు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లేకపోతే లేదనే రాయండి.

మీ పనిని న్యాయంగా చూపించే సాధనం ఒకటుంది, మన కాలేజీల్లో పెద్దగా వాడరు. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ నడిపే ఐసైట్. ఉచితం, లాగిన్ అక్కర్లేదు. పబ్‌మెడ్‌లో మీ పేపర్ల పీఎంఐడీ నంబర్లు (పబ్‌మెడ్ ఒక్కో పేపర్‌కు ఇచ్చే గుర్తింపు నంబర్లు) కాపీ చేసి అక్కడి పెట్టెలో అతికిస్తే ప్రతి పేపర్‌కూ రిలేటివ్ సైటేషన్ రేషియో ఇస్తుంది. ఆ పేపర్‌తో కలిపి ఉటంకించబడే పేపర్లనే దాని రంగంగా తీసుకుని, ఏడాదికి వచ్చిన సైటేషన్లను వాటితో పోలుస్తుంది. ఎన్ఐహెచ్ నిధులతో వచ్చిన పేపర్ల మధ్యస్థం 1.0. మీ ఫ్లోరైడ్ పేపర్‌కు 17 సైటేషన్లే ఉన్నా రేషియో 1 దాటితే, దాన్ని పెద్ద సైటేషన్లున్న ఇతర రంగాల పేపర్ల పక్కన ధైర్యంగా పెట్టొచ్చు. పబ్‌మెడ్‌లో ఉన్న మీ ఏడింటికే ఇది పనిచేస్తుంది. కొత్తగా వచ్చిన పేపర్ల రేషియో తాత్కాలికం, దాని మీద ఆధారపడొద్దు. క్లినికల్ పేపర్లు ఎన్ని ఉటంకించాయో కూడా అక్కడే వేరుగా కనిపిస్తుంది.

సైటేషన్లు పెంచుతామని, ఆథర్ స్థానం ఇప్పిస్తామని వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో వచ్చే మెసేజ్‌ల గురించి అడిగారు. వాటి జోలికి పోకండి. ఒక జర్నల్ పేపర్లు మూకుమ్మడిగా వెనక్కి తీసుకుంటే, మీరు కొన్న సైటేషన్లే కాదు, ఆ గుంపులో మీ పేరు కూడా శాశ్వతంగా ఉండిపోతుంది. 2023లో హిందావి జర్నళ్ల నుంచి 8,000కు పైగా పేపర్లు వెనక్కి తీసుకున్నారు. ఇలా వెనక్కి తీసుకున్న పేపర్లను నమోదు చేసే రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌ను అదే ఏడాది క్రాస్‌రెఫ్ తీసుకుని అందరికీ తెరిచింది. ఎవరైనా పేరు కొట్టి చూడొచ్చు. హైదరాబాద్ కేంద్రంగా నడిచే ఒక పబ్లిషింగ్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వేసిన కేసులో 2019లో కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. పీర్ రివ్యూ జరిగిందని, పేరున్న శాస్త్రవేత్తలు ఎడిటర్లని అబద్ధం చెప్పడం ఆరోపణల్లో ఉంది. మన పక్కనే ఉన్న సంగతి కాబట్టి చెబుతున్నా.

కొత్త పేపర్ పంపేముందు జర్నల్‌ను స్కోపస్ సోర్సెస్ లిస్టులో ఐఎస్ఎస్ఎన్ నంబర్‌తో (జర్నల్ గుర్తింపు నంబర్) వెతకండి, పేరుతో కాదు. అసలు జర్నల్ పేరు, నంబర్ కాజేసి నకిలీ వెబ్‌సైట్ నడిపేవాళ్లున్నారు. సైట్ అడ్రస్ కూడా సరిపోల్చండి. 'కవరేజ్ డిస్కంటిన్యూడ్' అని ఉంటే ఏ సంవత్సరం వరకు కవరేజ్ ఉందో చూడండి. మీ పాత పేపర్ ఆ లోపలే అచ్చయి ఉంటే ఇబ్బంది లేదు, కానీ ఆ పేజీని తేదీతో సహా పీడీఎఫ్ చేసి దాచండి, రెండేళ్ల తర్వాత స్క్రూటినీలో అడిగితే చూపించడానికి. యూజీసీ ఆమోదించిన జర్నళ్ల జాబితా అయిన యూజీసీ-కేర్ లిస్టులో ఉందని ఎవరైనా భరోసా ఇస్తే, 2025 ఫిబ్రవరిలో యూజీసీ దాన్ని ఆపేసిందని గుర్తుంచుకోండి. పాలమూరు, మహాత్మాగాంధీ యూనివర్సిటీల్లో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు ఇది ప్రత్యేకంగా చూసుకోవాలి.

సైటేషన్లు నిజాయితీగా పెరగాలంటే మార్గాలు తక్కువే. టైటిల్‌లో, అబ్‌స్ట్రాక్ట్‌లో జిల్లా, నమూనా సంఖ్య, నీళ్లలో ఫ్లోరైడ్ మిల్లీగ్రాముల్లో స్పష్టంగా ఉండాలి. తాగునీటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం లీటరుకు 1.0 మిల్లీగ్రాము, వేరే వనరు లేనప్పుడు 1.5. మీ ఊళ్లు దాన్ని ఎంత దాటాయో అబ్‌స్ట్రాక్ట్‌లోనే తెలిస్తే మెటా అనాలిసిస్ చేసేవాళ్లు మిమ్మల్ని తీసుకుంటారు. సగటుతో పాటు ఎస్డీ (స్టాండర్డ్ డీవియేషన్) ఇవ్వకపోతే వాళ్లు మీ పేపర్ పక్కన పడేస్తారు, అక్కడే చాలా మంచి పని మరుగున పడిపోతోంది. ముడి డేటాను జెనోడో లాంటి ఆన్‌లైన్ డేటా నిల్వలో డీఓఐతో (శాశ్వత గుర్తింపు లింక్) పెట్టండి, పిల్లల గుర్తింపు వివరాలు తీసేసి, ఎథిక్స్ కమిటీ అనుమతితో.

అప్లికేషన్‌కు జతచేసే పట్టికలో పేపర్‌కు ఒక వరుస చొప్పున ఆథర్లందరి పేర్లు (మీది బోల్డ్‌లో), మీ స్థానం, పేపర్ రకం, జర్నల్, ఐఎస్ఎస్ఎన్, సంవత్సరం, డీఓఐ, పీఎంఐడీ, ఎక్కడ ఇండెక్స్ అయింది, స్కోపస్ సైటేషన్లు, సొంతవి తీసేశాక ఎన్ని అనేవి ఉంటే చాలు. ఒరిజినల్ పేపర్లు ముందు, రివ్యూలు తర్వాత, కేస్ రిపోర్టులు, లెటర్లు చివర్లో వేరుగా. అబ్‌స్ట్రాక్టులను పేపర్ల సంఖ్యలో కలపకండి. డీఓఐలు ఒక్కొక్కటీ నొక్కి తెరుచుకుంటున్నాయో చూడండి, సగం లిస్టుల్లో ఒకటో రెండో పనిచేయవు.

స్కోపస్ మెర్జ్ అయ్యాక కూడా కొన్ని సైటేషన్లు తక్కువగా కనపడొచ్చు. ఉటంకించినవాళ్లు మీ పేరో, వాల్యూమ్ నంబరో తప్పు రాస్తే డేటాబేస్ రెండింటినీ కలపలేదు. స్కాలర్‌లో 'సైటెడ్ బై' నొక్కి, స్కోపస్ జర్నళ్లలో వచ్చినవి ఏరి, స్కోపస్ లిస్టుతో పోల్చండి. లేనివాటికి మీ పేపర్ డీఓఐ, ఉటంకించిన పేపర్ డీఓఐ, రెఫరెన్స్ నంబర్ మూడూ రాసి సపోర్ట్ సెంటర్‌కు రిక్వెస్ట్ పెట్టండి. మీ ఫ్లోరైడ్ పేపర్‌తోనే మొదలుపెట్టండి. ఊళ్ల పేర్లున్న టైటిళ్లలోనే స్పెల్లింగ్ తప్పులు ఎక్కువగా దొర్లుతాయి.